సున్నా గడి

సున్నా ఉన్నదో లేదో తేలేంతవరకు ఎవరికీ బిడ్డను దత్తత ఇవ్వరాదని శిశు సంరక్షణ శాఖ ఉత్తర్వు జారీ చేసింది. ఇన్ని వేల ఏళ్లుగా ఆ సంగతి తేల్చకుండానే జనం పిల్లల్ని పెంచేస్తున్నారని విచారం కూడా వ్యక్తం చేసింది.

దీనికంతటికీ కారకులు ఒక తత్వశాస్త్రం లెక్చరర్ గారు. దత్తత దరఖాస్తులో 'ప్రస్తుత సంతానం సంఖ్య' అన్న గడిలో ఆయన సున్నా చుట్టారు.

"సంఖ్య రాయమంటే ఇదేంటి సార్?" అన్నాడు గుమాస్తా. "లేనిదాన్ని రాస్తే తప్పుడు సమాచారం. ఖాళీగా వదిలేస్తే అసంపూర్తి. నేను పైకి రాస్తాను."

లెక్చరర్ గారికి కోపం రావలసింది పోయి ముచ్చటేసింది. సంఖ్యలన్నీ ఉత్త కల్పనలని ఆయన ఒక పుస్తకమే రాశారు మరి. (మూడు వందల పేజీలు. అన్నిటికీ నంబర్లు వేయించారు.)

ఫైలు 'పేరు వెల్లడించని నిపుణుడి' దగ్గరికి వెళ్లింది. ఈలోగా లెక్చరర్ గారి భార్య, రాబోయే బిడ్డ కోసమని పక్కగదిలోని పుస్తకాలన్నీ హాల్లోకి చేర్చి, గోడలకు లేత పసుపు రంగు వేయించింది. "ఏమన్నా తెలిసిందా?" అని రోజూ అడిగేది. "ఆ నిపుణుడెవడో మొద్దునిద్ర పోతున్నాడే!" అని ఆయన విసుక్కునేవారు.

పదకొండో నెలలో ఆయన బల్ల దులుపుతుంటే ఆమెకు శాఖవారి కవరు దొరికింది. 'సున్నా ఉన్నదా? అభిప్రాయం తెలుపగలరు.' నియమం ప్రకారం దరఖాస్తుదారు పేరు కొట్టేసి ఉంది. దానికి ఆయన అరవై పేజీల నోట్సు జతచేశారు. ఇంకా 'ఉండటం అంటే ఏమిటి' దగ్గరే ఉన్నారు.

"ఏమండీ, ఆ నిపుణుడు మీరేనా?"

"నాలాగే గడిలో సున్నా చుట్టినవాడు ఇంకొకడున్నాడని సంతోషించానే..."

"ఉందనో లేదనో రాసి పంపండి."

"అదంత తేలిక కాదు."

"ఆ గదిలో ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టి రండి."

ఆయన వెళ్లి గుమ్మంలో కాసేపు నిలబడ్డారు. తన మీద తనకే అసహ్యం వేసింది. తిరిగొచ్చి 'సంఖ్యలు ఉన్నాయి. సున్నా కూడా.' అని రాసి సంతకం పెట్టారు.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

"నిపుణుడి అభిప్రాయం అందింది సార్," అన్నాడు గుమాస్తా. "కానీ వయోపరిమితి నలభై అయిదు. ఈలోగా మీకు నలభై ఆరొచ్చేశాయి."

"వయసు కూడా వట్టి సంఖ్యే కదయ్యా!"

"అప్పీలు చేసుకోండి. ఆ సంఖ్య లేదని నిపుణుడు రాసివ్వాలి. ఆయనేమో మొన్ననే అన్నీ ఉన్నాయని రాసిచ్చేశాడు."

దరఖాస్తు తిరిగిచ్చేశారు. సంతానం గడిలోని సున్నా పక్కన 'సరిచూడబడినది' అని ముద్ర వేసి ఉంది.