నిండు పియాలాల మిస్టరీ

"ఎవరూ కదలొద్దు! ఈ ఇంట్లో ఘోరం జరిగింది. నేరస్థుడి దురదృష్టం, ఇదే ఇంట్లో నేనూ ఉన్నాను!"

కదలడానికి అక్కడున్నది చెల్లెలు జుమ్రద్ ఒక్కతే. ఆమెను చూడడానికి సమర్‌ఖండ్ నుంచి వచ్చిన పెళ్ళివారు అప్పుడే మొహాలు మాడ్చుకుని లేచి వెళ్ళిపోయారు.

కోకంద్ బజార్లో గడియారాలు బాగుచేసే హమ్రాకుల్ భూతద్దం కంటికి బిగించి, వాళ్ళు ముట్టకుండా వదిలేసిన టీ పియాలాల మీదికి వంగాడు. నాలుగూ అంచుదాకా నిండి ఉన్నాయి. ఆ దేశంలో అతిథికి గౌరవమంటే కాస్త కాస్తగా పోసి, మళ్ళీ మళ్ళీ నింపడం. నిండా పోశారంటే, తాగి ఇక బయల్దేరమని.

"వంటింట్లో నేను తలా నాలుగు గుక్కలే పోశానన్నయ్యా!" జుమ్రద్ కళ్ళు తుడుచుకుంది. "ముప్ఫై ఏళ్ళొచ్చాయి. అతను నాకు నచ్చాడు. నేనే పొమ్మన్నాననుకుంటాడు."

"ఏడవకు, ఆధారాలు తడిసిపోతాయి. ట్రే ఎవరు తెచ్చారు?"

"నువ్వే."

హమ్రాకుల్ తనను తానే అనుమానంగా ఎగాదిగా చూసుకున్నాడు. "నిర్దోషి!" అని తీర్పు చెప్పాడు. "దారిలో ఎక్కడా ఆగలేదు. అమ్మకి చూపించి, పరదా సర్దమంటే సర్దానంతే."

అది ఆగడం కిందికి రాదు. నడుం పట్టేసి, ఆరేళ్ళుగా పక్కకి కూడా తిరగలేని తల్లి ఒయ్‌ఖోన్ మంచం ముందు హాజరు వేయించుకోకుండా ఆ ఇంట్లో పులావు ఉడకదు, పరదా వేలాడదు, హమ్రాకుల్ చొక్కా మారదు. ఆమె చేతికర్ర ఒకసారి కొడితే కూతురు, రెండుసార్లు కొడితే కొడుకు పరుగెత్తాలి.

రెండుసార్లు మోగింది.

"పద, సాక్షిని విచారిద్దాం."

"సాక్షేనా? అమ్మ మీద అనుమానం లేదా?"

"మంచం దిగని మనిషి నేరమెలా చేస్తుంది? బుర్ర వాడు చెల్లీ!"

లోపల ఒయ్‌ఖోన్ మండిపడుతోంది. "ఏంట్రా ఆ గోల? పోయినవాళ్ళు పోయారు. ఇది సమర్‌ఖండ్ వెళ్ళిపోతే రోజూ నాకు జడెవరేస్తారు, నువ్వా?"

"జడ సంగతి తర్వాత. నీకెవరి మీదైనా అనుమానమా?"

"పిల్లి మీద."

"పిల్లి," అని రాసుకున్నాడు. "కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా?"

ఒయ్‌ఖోన్ విసుగ్గా మంచం పక్కనున్న కెటిల్ ఎత్తి పియాలాలోకి వంచింది. "ఇది తాగి వెళ్ళరా బాబూ."

"చూశావా చెల్లీ, తల్లి ప్రేమ ఎలా పొంగుతోందో!" అంటూ అందుకున్నాడు. ప్రేమతోపాటు టీ కూడా పొంగింది. "అబ్బా! మళ్ళీ ఈ బొటనవేలేనా?"

"మళ్ళీ ఏంటి?" అంది జుమ్రద్.

"ఇందాక ట్రే తెస్తున్నప్పుడూ దీని మీదే ఒలికింది."

"ఈ గదిలోకి రాకముందా, వచ్చి వెళ్ళేటప్పుడా?"

"వెళ్ళేటప్పుడే. ఎందుకూ?"

జుమ్రద్ కెటిల్ వంక చూసింది. తర్వాత అమ్మ వంక. ఆరేళ్ళుగా తిరగని నడుం చటుక్కున గోడవైపు తిరిగిపోయింది.

"పరుగెత్తన్నయ్యా! వీధి చివర కారెక్కుతుంటారు. నిండా పోసింది నేను కాదని చెప్పు!"

హమ్రాకుల్ పరుగెత్తాడు. సగం వీధిలో ఆగి వెనక్కి తిరిగాడు. "మరి ఎవరని చెప్పను? కేసింకా తేలలేదుగా!"

లోపల చేతికర్ర ఒకసారి మోగింది. జుమ్రద్ వెనక్కి తిరగలేదు. గుమ్మంలో నిలబడి, కారులో ఉన్నవాళ్ళకి కూడా వినబడేలా అరిచింది.

"మా అమ్మ!"