ఎనిమిది జేబుల కోటు

ఆ ఉదయం దర్జీకి పనులు రెండే. హెడ్మాస్టరుగారి కోటుకు గుండీలు కుట్టడం, కోడిపిల్లల్ని కనిపెట్టి ఉండడం. మొదటిది వృత్తి. రెండోది పట్టుబట్టి నెత్తికెత్తుకున్నది.

అక్కను చూసి సాయంత్రానికి వస్తానన్న భార్య, ముందు ఆ పిల్లల్ని పక్కింటావిడకు అప్పగించబోయింది.

"నేను లేనా ఇంట్లో? ఆమాత్రం నమ్మకం లేదా నామీద?" అన్నాడు దర్జీ, పౌరుషం పొడుచుకొచ్చి.

"పాలు చూడమంటే పొంగి పొయ్యి ఆరిపోయేదాకా చూస్తూ నిలబడ్డారు. నమ్మకం ఎక్కణ్ణుంచి తేను?"

చివరికి ఆవిడే మెత్తబడింది. పొట్టు పరిచిన అట్టపెట్టె, పైన వేలాడే బల్బు చూపించి పాఠం చెప్పింది. "పిల్లలు బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడితే చలేస్తున్నట్టు. అంచులకు పారిపోతే ఉడికిపోతున్నట్టు. పెట్టంతా తిరుగుతుంటే హాయిగా ఉన్నట్టు. ఎనిమిదీ నిన్న పుట్టినవి. ఒక్కటి పోయినా, ఇంకెప్పుడూ మీకు చెంచా కూడా అప్పగించను."

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, బల్బు ఠప్పున మాడిపోయింది. బయట చలిగాలి. దర్జీ కొట్టుకు పరిగెత్తాడు.

"పాత రకం బల్బులు ఇప్పుడెవరు కొంటున్నారన్నా? ఇది తీసుకెళ్ళు. వెలుగు రెట్టింపు. గంటలకొద్దీ వెలిగినా చెయ్యి కాలదు!" అన్నాడు కొట్టువాడు.

చెయ్యి కాలదనేసరికి దర్జీ మురిసిపోయాడు. బల్బు మార్చి గుండీలు కుట్టుకున్నాడు. పెట్టెలో పట్టపగలులా వెలుగు. పిల్లలు మాత్రం ఒకదాని మీద ఒకటెక్కి ఒకటే గోల. అనుమానమొచ్చి బల్బును ముట్టుకుని చూస్తే, కొట్టువాడు అబద్ధం చెప్పలేదు. చల్లగా ఉంది!

ఓరి దేవుడా అనుకున్నాడు. ఇస్త్రీపెట్టె వేడిచేసి పెట్టె పక్కన పెడితే పిల్లలన్నీ ఒకేసారి అవతలి అంచుకు పరిగెత్తాయి. తీసేస్తే మళ్ళీ వణుకు. అప్పుడు కంటబడింది, కొయ్యకు వేలాడుతున్న ఉన్ని కోటు. హెడ్మాస్టరుగారు కళ్ళజోడుకొకటి, కలానికొకటి, సుద్దముక్కకొకటి అంటూ మొత్తం ఎనిమిది జేబులు పెట్టించుకున్నారు. రిటైరయ్యే మనిషికి సుద్దముక్క జేబెందుకని అడిగే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. దర్జీ కోటు తొడుక్కుని, జేబుకొకటి చొప్పున పిల్లల్ని వేసుకున్నాడు. ఒంటి వేడికి వాటి వణుకు తగ్గింది. దర్జీ ఊపిరి పీల్చుకునేలోగా హెడ్మాస్టరుగారు గుమ్మంలో ఉన్నారు, అనుకున్న వేళకంటే ముందే.

"ఏమయ్యా, నా కోటు నువ్వెందుకు తొడుక్కున్నావ్?"

"ఒంటి వేడి తగిలితే గుడ్డ ఒదుగుతుంది మాస్టారూ. కొత్త పద్ధతి."

"మరా కిచకిచలేమిటి?"

"కొత్త చెప్పులు కిర్రుమనవూ? కొత్త అస్తరూ అంతే."

"నా వీడ్కోలు సభకు వేళవుతోంది. విప్పు!"

దర్జీ లోపలిగదిలోకి దూరి, సీసాలో వేన్నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టాడు. ఈ ఉపాయం పొద్దున్నే ఎందుకు తట్టలేదో! అవతల ఆయన తలుపు బాదుతున్నారు. ఆదరాబాదరాగా జేబులు ఖాళీ చేసి, పిల్లలు వదిలిన గుర్తులు తడిగుడ్డతో తుడిచి, కోటు ఇచ్చి పంపేశాడు. తీరా లెక్కపెడితే పెట్టెలో ఏడే ఉన్నాయి. గుండె దగ్గరి లోపలి జేబు తడమలేదు. అందులోది నిద్రపోయినట్టుంది, కుయ్యిమనలేదు.

దర్జీకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ బిగువు గుండీల కింద పిల్ల నలిగి చస్తుందన్న దిగులుతో, మెడలో టేపుతో అలాగే సభకు పరిగెత్తాడు.

వేదిక మీద హెడ్మాస్టరుగారు అప్పుడే మొదలుపెట్టారు. "మిమ్మల్నందరినీ విడిచి వెళుతుంటే, నా గుండె..." అని చెయ్యి గుండెమీద వేసుకున్నారు.

"కీచ్" అంది గుండె. మైకులో హాలంతా వినబడింది.

ఆయన తెల్లబోయి మళ్ళీ నొక్కి చూసుకున్నారు. "కీచ్, కీచ్!" ముందు వరసలో డాక్టరుగారు కంగారుగా లేచారు.

"నొక్కకండి మాస్టారూ! చచ్చిపోతుంది!" అని అరుస్తూ దర్జీ వేదికెక్కి, వందలమంది చూస్తుండగా ఆయన కోటులోకి చెయ్యి పోనిచ్చి, పసుప్పచ్చటి పిల్లను బయటికి తీశాడు. బతికే ఉంది. దర్జీ కళ్ళు చెమ్మగిల్లాయి.

హెడ్మాస్టరుగారు పిల్లను పరీక్షగా చూశారు. "నా వీడ్కోలుకు నిజంగా ఏడ్చింది ఇదొక్కటే" అన్నారు. ఆయన నవ్వడం ఆ ఊరు అదే మొదటిసారి చూసింది.

సాయంత్రం భార్య బస్సు దిగి ఇల్లు చేరేలోగానే వీధి వీధంతా ఆవిడకు కథ చెప్పేసింది. దర్జీ తల వంచుకుని కూర్చున్నాడు. ఆవిడ తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్ళింది. ఎనిమిదీ సీసా చుట్టూ హాయిగా తిరుగుతున్నాయి.

"పెద్దమనిషి గుండెల్లో చెయ్యి పెట్టి మరీ తెచ్చారటగా నా పిల్లని! మిమ్మల్ని ఎంత తక్కువగా చూశానండీ!" అంది కళ్ళొత్తుకుంటూ.

దర్జీ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"అక్కావాళ్ళు ఊళ్ళు తిరగడానికి వెళుతున్నారు, నన్నూ రమ్మన్నారు. ఇన్నాళ్ళూ ఇల్లు ఎవరికి వదలాలా అని ఆగాను. ఇంక బెంగేముంది? రేపు వెళితే నెల్లాళ్ళకు వస్తాను. అన్నట్టు, ఎల్లుండి ఇంకో యాభై పిల్లలొస్తాయి."

నమ్మకం నిలబెట్టుకోవడానికే కాదు, పోగొట్టుకోవడానికి కూడా ఎంతోకొంత నేర్పు కావాలని దర్జీకి అప్పుడు తెలిసింది.