రోజారాణి తలలోని గ్లుటమేట్లకు పదోన్నతి

ఆ ఊరి హైస్కూల్లో ఆడపిల్లల తలల్లోని గ్లుటమేట్లు ఒక నాడీకణం నుంచి పక్క నాడీకణానికి వెళ్లాలంటే బయటికి వచ్చి మూవ్‌మెంట్ రిజిస్టరులో సంతకం పెట్టాలన్న నిబంధన జూన్ పన్నెండు నుంచి అమల్లోకి వచ్చింది. నిబంధన మగపిల్లలకూ ఉంది. వాళ్ల రిజిస్టరు ఇంకా అచ్చు కాలేదు.

గ్లుటమేట్ ఒక అమైనో ఆమ్లం. పక్క నాడీకణం తలుపు తట్టి, "లే, కబురొచ్చింది" అని దాన్ని హుషారు చేయడం దాని ఉద్యోగం. మధ్యలో ఉన్న సందు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా ప్రయాణం ప్రయాణమే కదా!

తొమ్మిదో తరగతి రోజారాణి తలలో గ్లుటమేట్లకు పని ఎక్కువ. జవాబు తట్టగానే అవి చెవిలోంచి దుద్దు మీదికి దూకి, జడ పట్టుకుని జారి, గుమ్మం పక్కన స్టూలు మీదున్న అటెండరు సన్యాసమ్మ ముందు వరుసలో నిలబడేవి. ఆమె కళ్లజోడు సవరించుకుని పేరు, విద్యార్హత, వెళ్లు చోటు, పని అన్నీ రాయించేది. ఈలోగా గంట కొట్టేవారు. అనుమతి దొరికిన జవాబు సాయంత్రం గిన్నెలు తోముతున్నప్పుడు నోటికొచ్చేది. "కిరణజన్య సంయోగక్రియ!" అని రోజారాణి మూకుడుతో చెప్పేది. మూకుడు ఏనాడూ కాదనలేదు.

సెప్టెంబరులో ఒక శుక్రవారం భానోజీ మాస్టారు జిల్లా సైన్సు క్విజ్‌కు ఒక్కరిని ఎంపిక చేస్తానన్నారు. రోజారాణికి చీపురుపల్లి అవతల ప్రపంచం తెలియదు. క్విజ్‌కు తీసుకెళ్లే బస్సెక్కడం కోసం పుస్తకం అట్టతో సహా చదివేసింది.

"మెదడులో నాడీకణాలను ఉత్తేజపరిచే ముఖ్యమైన అమైనో ఆమ్లం ఏది?" అన్నారు మాస్టారు.

వరుసలో ముందున్న గ్లుటమేట్ ఉలిక్కిపడింది. "అమ్మా, అక్కడ నా పేరే అడుగుతున్నారు. చెప్పేసి వచ్చేస్తాను."

"ఎవుల పేరైతే నాకేటి? ముందు సంతకం ఎట్టు. ఎంతసేపట్లో వచ్చేత్తావ్?"

"సెకనులో వెయ్యో వంతు."

"అందరూ అలాగే సెప్తారు," అంది సన్యాసమ్మ.

రోజారాణి లేచి నిలబడి కాలి గోళ్లు చూసుకుంటోంది. మగపిల్లల వైపు నుంచి ఏ ఆలస్యమూ లేకుండా "పెట్రోలు!" అని సమాధానం వచ్చింది. మాస్టారు ధైర్యాన్ని మెచ్చుకున్నారు.

అప్పుడే సన్యాసమ్మ పేజీ తిప్పింది. వెనక అట్ట కనిపించింది.

"ఒలమ్మో! రెండొందల పేజీలూ ఈ ఒక్క గుంట బుర్రే నింపేసినాది!" ఆమె కాసేపు నిబంధన గుర్తుచేసుకుంది. "రాసినోళ్లని పంపమన్నారు. రాయడానికి గీతే లేనప్పుడు ఆపమని ఎవులూ సెప్పనేదు. ఎల్లండర్రా, ఎల్లండి!"

మూడు నెలల వరుస ఒక్కసారిగా లోపలికి పరిగెత్తింది.

"గ్లుటమేట్!" అని రోజారాణి అరిచింది. "దానికి అస్పార్టేట్ అని తమ్ముడు కూడా ఉన్నాడండీ!" అడగకుండానే చేపకు చెవి ఎక్కడుంటుందో, అప్పడం ఎందుకు పొంగుతుందో చెప్పేసింది. చెబుతూ పకపకా నవ్వింది. పక్క పిల్లలకూ దారి తెరుచుకుని, ఆడపిల్లల వైపంతా తిరునాళ్లయిపోయింది. ఇంతమందికి గొంతులున్నట్టు మాస్టారు ఆ రోజే హాజరుపట్టీలో నమోదు చేశారు. రోజారాణి ఎంపికైంది.

మర్నాడు హెడ్‌మాస్టరుగారు ఆమె గ్లుటమేట్ల ప్రతిభను గుర్తించి, వాటిలో చాలావాటికి గాబా అనే ఇంకో అమైనో ఆమ్లంగా పదోన్నతి ఇచ్చారు. ఒంట్లో చిన్న ముక్క కత్తిరిస్తే చాలు, గ్లుటమేట్ గాబా అవుతుంది. కొత్త పని కూర్చుని చేసేదే. పక్క నాడీకణంతో "ష్, ఊరుకో" అనాలి. దండలు వేశారు, లడ్డూలు పంచారు. అందరికంటే గట్టిగా రోజారాణే చప్పట్లు కొట్టింది.

సోమవారం బస్సులో ఆమెకు కిటికీ సీటు దొరికింది. దారంతా కొత్తగా, పచ్చగా ఉంది. క్విజ్‌లో మొదటి ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. "ఇప్పుడెందుకమ్మా," అని లోపల ఎవరో చాలా మర్యాదగా అన్నారు. రెండోదానికీ అలాగే అన్నారు. చేతులు కట్టుకుని చిరునవ్వుతో కూర్చున్నందుకు నిర్ణేతలు ఆమెకు ఉత్తమ ప్రవర్తన బహుమతిగా ప్రశంసాపత్రం పటం కట్టి ఇచ్చారు.

అమ్మ ఆ పటాన్ని గుమ్మానికెదురుగా తగిలించింది. "నా కూతురు ఇప్పటికి బుద్ధిమంతురాలైనాది," అని వచ్చినవాళ్లందరికీ చూపించింది. రోజారాణి ఏదో అనబోయి, అక్కర్లేదనిపించి, నవ్వింది.