పట్టాభిగారి బంపరు

చంపాపేట్ వాస్తవ్యులు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ లెక్చరరు అయిన పట్టాభిగారి కారు పదకొండేళ్లుగా ఒక్క ప్రమాదం కూడా లేకుండా సేవలందిస్తోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కొన్న రోజు ఎల్బీ నగర్ నుంచి ఇంటిదాకా నడిపింది మినహా అది కదిలింది లేదు.

ఆ ఒక్క ప్రయాణంలోనే దాని పాతకాలపు స్టీలు బంపరు మీద దుమ్ము పడింది. పట్టాభిగారు బంపరు ఊడదీసి, మేడ మీదికి తెచ్చి, ఎమరీ కాగితంతో రుద్దారు. భార్య శేషారత్నం వాడుకునే మిక్సీకి జారు తీసేసి, పాత లుంగీతో చేసిన గుడ్డచక్రం బిగించి మెరుగు పెట్టారు. చివరికి పూజసామాన్లు తోమినట్టు చింతపండు, విబూది పట్టించారు. బంపరులో మొహం కనబడింది. అంత కష్టపడి తోమినదాన్ని మళ్లీ ఆ దుమ్ములోకి పంపడానికి ఆయనకి మనసొప్పలేదు.

దాని పక్కన హెడ్‌లైటు రింగులు వెలవెలబోయాయి, వాటినీ తీశారు. తర్వాత చక్రాల మూతలు, చక్రాలు, తలుపుల పిడులు. ఇప్పుడు కారు మేడ కింద, ఇటుకల మీద, కవరు కప్పుకుని, క్షేమంగా ఉంది. దాని భాగాలు హాల్లో షోకేసులో ఉన్నాయి. శేషారత్నం పచ్చడి రోట్లో రుబ్బుకుంటోంది.

ఇంతలో ఆమె చెల్లెలు అమ్మాజీ అల్మాస్‌గూడలో గృహప్రవేశం పెట్టుకుంది. "అక్కా, ఈసారైనా కారులో దిగుతావా, లేకపోతే ఇంకా సర్వీసింగులోనే ఉందా?" అని ఫోనులో అందరూ వినేలా నవ్వింది. శేషారత్నానికి కళ్లనీళ్లు తిరిగాయి.

"కారులో తీసుకెళ్తేనే వస్తాను. లేదంటే మీరొక్కరే వెళ్లి భోంచేసి రండి," అంది.

పట్టాభిగారు కదిలిపోయారు. రెండు రోజులు సెలవు పెట్టి చక్రాలు బిగించారు, పిడులు బిగించారు. గృహప్రవేశం నాటి ఉదయం బంపరుకి మూడో బోల్టు బిగిస్తుండగా, తవ్వి వదిలేసిన వీధిలోంచి వాటర్ ట్యాంకరు ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆయన చేతిలో పానా ఆగిపోయింది. మూడు బోల్టులూ విప్పేశారు.

"చూడు శేషూ, కారనేది ఒక భావన. ఎదురొచ్చేవాళ్లకి ముందు కనబడేది బంపరే కదా? దాన్ని తీసుకెళ్దాం," అన్నారు, క్లాసులో చెప్పినంత గంభీరంగా.

పట్టుచీర కట్టుకుని కూర్చున్న మనిషి ఇక ఏం చేస్తుంది? ఆటో ఎక్కింది. ఆటో రామస్వామిది. నల్లగొండ నుంచి తెచ్చిన నాటినుంచీ దాన్ని రోజూ నడిపి సొట్టలు పడనిచ్చిన బాధ్యత లేని మనిషి.

"గిదేంది సార్, ఒళ్లె బంపర్ వెట్టుకున్నరు? కారేది?"

"ఇంట్లో ఉంది."

"ఉంటే ఆటో ఎందుకు సార్?"

"కారు పాడవకుండా."

రామస్వామి అద్దంలోంచి ఇద్దరినీ చూసి, "మంచిది సార్," అని గేరు వేశాడు.

అల్మాస్‌గూడలో ఘనస్వాగతం లభించింది. అమ్మాజీ బంపరుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, "అక్క కారొచ్చింది!" అని కేక పెట్టింది. బంధువులు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఎంత మైలేజీ ఇస్తుందని ఒకాయన అడిగాడు కూడా. శేషారత్నం వంగి బంపరులోకి చూసింది. పదకొండేళ్లకి తన మొహం ఆ కారులో కనబడింది, కాస్త సాగి, ఏడవబోతున్నట్టు.

భోజనాలయ్యాక అమ్మాజీ కొత్త ఇంటికి తాళం వేసి, చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికే?" అంది శేషారత్నం.

"కిరాయింటికి. ఇక్కడుంటే టైల్స్ మాసిపోవూ?"

అక్కాచెల్లెళ్లు ఇద్దరూ రామస్వామి ఆటోలోనే వెనక్కి బయల్దేరారు, మధ్యలో బంపరు, డ్రైవరు సీటు అంచున పట్టాభిగారు. ఇది చదివి నవ్వుకుంటున్నవారికి మా మనవి: నవ్వు అయ్యాక మీ టీవీ రిమోటుకి చుట్టిన పాలిథీన్ కవరు ఒకసారి సర్దండి, మూల చిరిగినట్టుంది.