పట్టపగలు టార్చి

తొమ్మిదింటికి బయలుదేరడం, బజారు వీధిలో చిన్న టార్చి ఒకటి కొనడం, పదిన్నరకంతా ఇల్లు చేరి పొయ్యి మీద ఎసరు పెట్టడం. ఆ పొద్దుకు పంకజాక్షి అనుకున్న పని ఇంతే. ఇంత చిన్న పనికి చిత్తూరు బజారంతా మూతబడుతుందని, చంకలో ఎనిమిది నెలల బిడ్డను వేసుకున్న ఏ తల్లి మాత్రం అనుకుంటుంది?

టార్చి ఆమె అత్తగారికి. నాగరత్నమ్మ చేత నీళ్ళు పోయించుకోని పసిబిడ్డ ఆ చుట్టుపక్కల లేదు. బాలింత ఇంటి నుంచి పిలుపొస్తే చాలు, పోయి కాళ్ళు చాపి కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, నిద్రపుచ్చి గాని లేచేది కాదు. అలాంటి మనిషి కండ్లకు ఏడాదిగా పొరలు కమ్ముతున్నాయి. పొర ఇంకా ముదరలేదని, ఆరు నెలలు పోతే ఆపరేషను చేస్తానని, అంతదాకా దగ్గరి పనులకు చిన్న టార్చి వాడమని డాక్టరు చెప్పాడు.

పంకజాక్షి గుండె మాత్రం ఆరు నెలలు ఆగేలా లేదు. మొన్న మనవడికని పెట్టిన దిష్టిచుక్క తలగడకు అంటింది. నిన్న గ్రైపు వాటరు అనుకుని అత్త నీలగిరి తైలం సీసా మూత తీసింది. ఘాటు ముక్కుకు తగిలింది కాబట్టి సరిపోయింది. అది చూసిన దామోదరం, "అమ్మ ఇంక బిడ్డ జోలికి పోవద్దు. బిడ్డను చూసుకునేదానికి ఆదివారం అక్కను పిలిపిస్తా" అని పెండ్లాంతో తేల్చి చెప్పాడు. ఆ మాట చెవినబడ్డ నాగరత్నమ్మ రాత్రి అన్నం ముట్టలేదు.

"టార్చితో సరిగా చేస్తే ఆయన ఏమీ అనడులే అత్తా" అని పంకజాక్షి బతిమాలితే, ఆమె ఒక షరతు మీద కదిలింది.

"నాకని మాత్రం సెప్పొద్దు మే. సూపు పోయిందని తెలిస్తే ఏ తల్లయినా నా కాళ్ళ మీద బిడ్డను పండేస్తుందా?"

"మరి ఎవురికని సెప్పేది?"

"ఐరాలలో మా వదినకని సెప్పు. ఆమె వచ్చి కాదంటుందా?"

అంగడి పరంధామయ్య మూడు టార్చీలు తీసి బల్ల మీద పెట్టాడు. "రత్నమ్మక్కా, మీ వదినకు సూపు ఎంత మాత్రం ఉండాది?"

"నాకేం తెలుసప్పా? ఎదురుగా మనిషి నిలబడితే మనిషని తెలుస్తాది. ముక్కు యాడుండాదో తెలీదు" అంది నాగరత్నమ్మ, ఆయన చెవి వంక చూస్తూ.

ఆయన ఒక్కొక్క టార్చీ నొక్కి చూపించాడు. ఎండ అంగడి లోపలిదాకా పరుచుకుని ఉంది. మూడూ ఒకటే.

"ఎండలో దీపం పెట్టి బాగుండాదా అంటే ఏం సెప్పేది? మా వదిన వాడేది చీకటి నీళ్ళగదిలో."

వచ్చిన బేరం వదలడం ఇష్టంలేక పరంధామయ్య లేచాడు. "దానికేముండాది? చీకటి చేస్తే పోలే!" అని తలుపు పలకలు ఒక్కొక్కటిగా గాడిలో దించి, లోపల గడియ పెట్టాడు.

ఎదురుగా నూనె అంగడి కుప్పయ్య ఇది చూశాడు. బజారులో ఒక కట్టుబాటుంది. వేళ కాని వేళ ఒక అంగడికి పలకలు పడ్డాయంటే, అమ్మకం పన్ను వాళ్ళు వీధి మొదట్లో దిగారని అర్థం. ముందు మూయాలి, తర్వాత అడగాలి. కుప్పయ్య మూశాడు. కుప్పయ్యను చూసి బట్టలకొట్టు గంగాధరం మూశాడు. కాఫీ హోటలులో నీళ్ళు చల్లి పొయ్యి ఆర్పేశారు. కూరగాయల మునెమ్మకు పన్నుతో పనిలేదు గాని, ఇంతమంది మూస్తే ఎవరో పెద్దమనిషి పోయి ఉంటాడని గంప ఎత్తింది. సందు మలుపులో నిలబడ్డ కానిస్టేబులు దొరస్వామి, బందు సంగతి తనకే ఆలస్యంగా తెలిసిందని భయపడి, ఈల ఊదుతూ వస్తున్న బస్సును వెనక్కి తిప్పించాడు.

అంగడిలో చిమ్మచీకటి. మొదటిది మూడు సెల్లుల టార్చి. వెలిగించగానే వెలుగు పంకజాక్షి తెచ్చిన ఉగ్గుగిన్నె మీద పడి సూదిలా తిరిగొచ్చింది.

"అబ్బా! ఉండే సూపు కూడా పోతాది... మా వదినకు" అని నాగరత్నమ్మ కండ్లు మూసుకుంది.

రెండోదాని వెలుగు చుట్టూ తెల్లటి వలయం, మధ్యలో నల్లటి మచ్చ. మూడోది చూపుడువేలంత ఉంది. ఎన్నాళ్ళుగానో పెట్టెలో రుద్దుకుని అద్దం మసకబారింది. "ఎవురూ కొనరక్కా, వెలుతురు మెత్తన" అన్నాడు పరంధామయ్య.

నాగరత్నమ్మ దాన్ని పక్కనుంచి పట్టి బిడ్డ దగ్గరికి వంగింది. పసుపుపచ్చని వెలుగు చెంప మీద అన్నంలో నెయ్యిలా పరుచుకుంది.

"పంకజా, వీనికి గడ్డం కింద సొట్ట ఉండాది."

"అవునత్తా. పుట్టినప్పటినుంచీ."

"మీ మామకు ఉండినట్టే" అని, ఇంకొకసారి చూసి, ఇంకొకసారి చూసింది. బిడ్డ పంటి మొలక చూపించి నవ్వాడు.

అప్పుడు తలుపు మీద లాఠీ దెబ్బ పడింది. "లోపల ఎవురు? తియ్యి!"

"అయిపోయినా! పన్నోళ్ళు పోలీసోళ్ళతో వచ్చినారు. అక్కా, నేను ఊర్లో లేనని సెప్పు" అని పరంధామయ్య, లోపల గడియ పెట్టుకున్న తన అంగడిలోనే బల్ల కిందికి దూరాడు. పంకజాక్షి సంచిలో చెయ్యి పెట్టి చూసుకుంది. బిడ్డకు మార్చడానికి రెండే గుడ్డలు తెచ్చింది. జైలుకు చాలవు.

నాగరత్నమ్మే తడుముకుంటూ పోయి గడియ తీసింది. బయట అంగళ్ళు మూసుకున్న వాళ్ళంతా గుంపుగా ఉన్నారు.

"ఏం దాచినావప్పా లోపల?" గంగాధరం అరిచాడు. "పలకల సందులో వెలుతురు ఆడిస్తా ఉండావు! నీ పుణ్యాన పెండ్లిచీరల బేరం లేచిపోయింది నాకు."

"వదినకు టార్చి..." అని బల్ల కిందినుంచి గొంతు వచ్చింది.

"ఐరాల వదినకంట" అని పంకజాక్షి సాయపడింది.

"ఐరాల వదినకు ఈడ చీకటెందుకు? పద టేషనుకు!" దొరస్వామి పరంధామయ్య చొక్కా పట్టుకుని బయటికి లాగాడు.

నాగరత్నమ్మ చేతిలోని టార్చి పగటి వెలుగులో వెలుగుతూనే ఉంది. ఆమె ఒకసారి కోడలి చంక వైపు తిరిగింది. తర్వాత గుంపు వైపు.

"ఆయప్పను ఇడుసు. మా వదిన ఐరాలలో సూదికి దారం ఎక్కిస్తా ఉండాది. సూపు లేంది నాకు."

పంకజాక్షి బిడ్డను గుండెకు అదుముకుంది.

"అదా?" అన్నాడు కుప్పయ్య. "అది తెలియంది ఎవురికక్కా? పోయిన నెల నా నూనె పీపాను 'బాగుండావా మునెమ్మా' అని పలకరించినావు కదా!"

"నేను పీపా మాదిరి ఉండానా?" అని మునెమ్మ గంప కింద పెట్టింది.

"మేమంతా ఎదురుపడినప్పుడల్లా ముందుగా పేరు సెప్పేది ఎందుకనుకున్నావు?" అని కుప్పయ్య అడిగాడు.

"పిల్లోళ్ళకు మర్యాద వచ్చిందనుకున్నా" అంది నాగరత్నమ్మ నీరసంగా.

మునెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "పోయిన వారం నా మనవరాలికి నీళ్ళు పోసేదానికి తెలిసే పిలిచినా. కండ్లు మసకయితే మసక కానీ, నీ చేతుల్లో బిడ్డ ఏడవదు. చెంబు నేను అందించినా, నువ్వు పోసినావు. రేపూ రావల్ల."

నాగరత్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. దొరస్వామి నోటుబుక్కు తీసి, ఏమి రాయాలో తెలియక, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పలకలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

మరునాడు నీళ్ళగదిలో పంకజాక్షి టార్చి పట్టుకుంటే, నాగరత్నమ్మ బిడ్డకు నీళ్ళు పోసింది. తర్వాత టార్చి తానే తీసుకుని, గ్రైపు వాటరు సీసా మీది బొమ్మ చూసి, చెంచాలో సరిగ్గా గీత దాకా పోసింది. గుమ్మంలో నిలబడి అంతా చూసిన దామోదరం గొంతు సవరించుకుని, "అక్కను పండగకు పిలుద్దాంలే" అని పనికి పోయాడు.

అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. ఆ సంతోషంలో నాగరత్నమ్మ టార్చి గోడ మీదికి తిప్పింది.

"పంకజా, ఇది పాచా మే? ఇన్నాళ్ళూ పచ్చరంగు కొట్టించినారనుకున్నానే!"

వేలంత టార్చికే ఇట్లుంటే ఆపరేషను అయినాక ఎట్లుంటుందోనని, పంకజాక్షి ఆ పూటే అటక దులపడం మొదలుపెట్టింది.