గోరంత ప్లగ్గు మహిమ

కొత్తగా బిగించిన కంప్యూటర్‌కి ముందువైపు హెడ్‌సెట్ రంధ్రం పలకకపోవడాన్ని మించిన అదృష్టం సంసారానికి మరొకటి లేదు! నవ్వకండి. తిరువూరులో నౌషాద్ ఇంట్లో జరిగింది వింటే, మీ కంప్యూటర్ మూత విప్పి ఆ రంధ్రం వైరు మీరే పీకేసుకుంటారు.

నౌషాద్ మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఇంటి ముందు గదే షాపు. గంపలగూడెం, ఎ.కొండూరు పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లు చాలావరకు అతని గుమ్మంలోకే చేరతాయి. ఆ మోతల మధ్య పెరిగిన గొంతు గనక కాస్త పెద్దది. తన పనితనం మీద నమ్మకం అంతకన్నా పెద్దది.

భార్య రిజ్వానా లెక్కల్లో ఎమ్మెస్సీ. ఆరేళ్లుగా ఆ చదువు బీరువాలో పట్టుచీరల కింద నిద్రపోతోంది. ఇన్నాళ్లకు ఒక ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీ పిలిచింది. శుక్రవారం ఉదయం పదింటికి డెమో క్లాసు. కంప్యూటర్ ఉండాలి, చెవులకు హెడ్‌సెట్ ఉండాలి. ఈ క్లాసు తప్పిపోతే మళ్లీ పిలుపు వచ్చే ఏడాదే!

విజయవాడ షాపువాళ్లు బిగించి ఇస్తామన్నారు. నౌషాద్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఐదు హార్స్‌పవర్ మోటారు విప్పి బిగించేవాణ్ణండీ! ఈ రేకు డబ్బా నాకో లెక్కా?" అని సామాన్లన్నీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నానికి బిగించేశాడు కూడా. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. తల్లి కరీంబీ అందరి నోట్లో పంచదార పోసింది. రిజ్వానా హెడ్‌సెట్ చెవులకు తగిలించుకుని, దాని వైరు డబ్బా ముందున్న రంధ్రంలో గుచ్చింది.

నిశ్శబ్దం!

డబ్బా వెనకాల ఇంకో రంధ్రం ఉంది, పలుకుతోంది కూడా. కానీ వైరు అంతదూరం అందాలంటే రిజ్వానా బల్లకింద కూర్చుని పాఠం చెప్పాలి. పోనీ డబ్బాని వెనక్కి తిప్పుదామంది.

"నేను బిగించినదాన్ని గోడకి మొహం పెట్టి నిలబెడతావా?" అన్నాడు నౌషాద్. శిల్పి కూడా తన బొమ్మ గురించి అంత నొచ్చుకోడు.

మూత విప్పితే సంగతి తెలిసింది. ముందు రంధ్రం నుంచి వచ్చిన వైరు ఒకటి, చివర గోరంత ప్లగ్గుతో, ఎక్కడా తగలకుండా వేలాడుతోంది.

"దీన్ని లోపలి బోర్డుకి గుచ్చాలండీ. పుస్తకంలో బొమ్మ ఉంటుంది, చూద్దాం," అంది రిజ్వానా.

"పుస్తకం చూసి బిగించేవాడు మెకానిక్కేంటి?"

బోర్డు మూలన, చీమ కాలంత అక్షరాల్లో ఆడియో అని రాసి ఉంది. ఆ అక్షరాలు చదవడానికి నౌషాద్ పదిహేడుసార్లు నేలమీద బోర్లా పడుకుని లేచాడు. పొట్ట తగ్గించుకోమని డాక్టరు మూడేళ్లుగా మొత్తుకున్నా వంగని నడుము, ఒక ప్లగ్గు కోసం వంగింది! ఇది మేలు కాదా? బల్లకింద టీవీ రిమోటు దొరికింది. కరీంబీ పోయిందనుకున్న చెవిపోగు దొరికింది. ఏ జిమ్ము ఇన్ని ఇస్తుంది?

ఆ అక్షరాల పక్కనే రెండు వరసల పిన్నులు. ఒక వరసలో ఐదు. రెండోదాంట్లో నాలుగు!

"కంపెనీవాడు ఒక పిన్ను ఎగ్గొట్టాడు!" అని నౌషాద్ కేక పెట్టాడు. పక్కన అలాంటివే మరికొన్ని పిన్నులు కనిపించాయి. అక్కడా తొమ్మిదే! పైగా ఖాళీ వేరేచోట! ఇక అనుమానం లేదు, ఇది కుట్ర!

"పిన్నులు తినే చీమలు పట్టాయేమోరా. కాస్త పసుపు చల్లు," అంది కరీంబీ.

గురువారం సాయంత్రానికి నౌషాద్ సోల్డరింగ్ ఐరన్ వేడిచేశాడు. లేని పిన్ను తానే అతికిస్తాడట! రిజ్వానా ఒక్క ఉదుటున డబ్బాని ఒళ్లోకి లాక్కుని గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఇది మీ మోటారు కాదు. నా ఉద్యోగం," అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

నౌషాద్ "సరేలే" అని గొణిగి స్విచ్చి కట్టేశాడు. ఆ ఇంట్లో అతని గొంతు తగ్గడం అదే మొదటిసారి. అన్నం కూడా సగంలో వదిలేశాడు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి కరీంబీ ఎవరూ ఊహించని పని చేసింది. పక్కింటి ప్రేమావతి గుమ్మం తొక్కింది. మురుగునీటి గొడవతో రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ప్రేమావతి జాకెట్లు కుడుతుంది, సూదిమొనంత వస్తువైనా ఆమె చూపు తప్పించుకోలేదు. మెడలో టేపుతోనే వచ్చేసింది. ప్లగ్గుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం నాయనా, ఇందులోనూ ఒక కన్నం పూడ్చేసి ఉందిగా! హుక్కుకి ఎదురుగా కాజా కుట్టినట్టే. పిన్ను లేనిచోటికి కన్నం లేనిచోటు తెచ్చి పెట్టు. తిరగేసి గుచ్చకుండా ఉండటానికేగా ఈ ఏర్పాటంతా?"

నౌషాద్ అలాగే గుచ్చాడు. బుడుక్కున దిగింది. రిజ్వానా హెడ్‌సెట్ పెట్టుకుంది. మొహం వెలిగిపోయింది!

పదింటికి డెమో మొదలైంది. భిన్నాలు. నలభై నిమిషాలపాటు షాపులో ఒక్క మోటారూ మోగలేదు. నౌషాద్ గుమ్మంలో అడ్డంగా నిలబడి, వచ్చినవాళ్లందరికీ నోటిమీద వేలు చూపించాడు. మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఉద్యోగం ఖాయం! ప్రేమావతి, కరీంబీ గోడకి అటూ ఇటూ నిలబడి, రెండేళ్ల కబుర్ల బకాయి ఆ పూటే తీర్చుకున్నారు.

ఇప్పుడు చెప్పండి. ఆ రంధ్రం మొదటిరోజే పలికి ఉంటే ఇన్ని మేళ్లు జరిగేవా? అందుకే కంపెనీలకు ఒక విన్నపం. ఆ అక్షరాలు ఇంకా చిన్నవి చేయండి! పిన్నులు ఇంకో రెండు తగ్గించండి!

తరవాతి వారం వినగడప నుంచి విశ్వతేజ అనే రైతు కాలిన మోటారుతో షాపుకొచ్చాడు. తమ ఇంట్లో కంప్యూటర్‌కీ ఇదే జబ్బని వాపోయాడు. నౌషాద్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. లోపలి గదిలో రిజ్వానా హెడ్‌సెట్‌తో చెవులు మూసుకుని క్లాసు చెబుతోంది, ఇంకేం భయం?

"అందులో కిటుకుందండీ! పిన్ను ఎందుకు లేదో ఎవడికీ తెలీదు. నేను ఒక్క చూపులో పట్టేశా! మా ఆవిడ కంగారుపడి ఏడుస్తుంటే నేనే ధైర్యం చెప్పా!"

ముందు రంధ్రానికి వైరు కలిపితే చెవులతోపాటు మైకు కూడా కలుస్తుందని ఆ మహామెకానిక్కుకి ఎవరూ చెప్పలేదు. అతని మాటలన్నీ మైకులోంచి క్లాసు పిల్లలకు చేరిపోతున్నాయి. రిజ్వానా ఒక చెవి మీద హెడ్‌సెట్ పైకెత్తగానే పిల్లల కిలకిలలు బయటికి వినబడ్డాయి. కుర్చీలోంచే గుమ్మంవైపు వంగి చూసింది.

"కాస్త నెమ్మదిగా చెప్పండి. పిల్లలు రాసుకుంటున్నారు!"