దుప్పటి కింద దూడ

మంగళవారం పొద్దున లోర్న్ కోవాచ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మార్జ్ కొట్టుకు వెళ్లి జున్నుపాల పొడి తేవాలి, దూడకు పట్టాలి, సాయంత్రం భార్య వెర్నాకు చూపించి మెప్పు పొందాలి. అంతే. కానీ దక్షిణ ఆల్బెర్టాలో జనవరి నెలలో పథకాలు వేసేది మనుషులు కాదు, రేడియో.

ఇప్పుడు సున్నాకు ముప్పై రెండు డిగ్రీలు దిగువ, పది నిమిషాలు బయట ఉంటే చర్మం గడ్డకడుతుంది అని చెప్పింది రేడియో. పదింటికి కొండల మీంచి వెచ్చగాలి దిగి మంచు కరుగుతుందట. మధ్యాహ్నానికి ఉత్తరగాలి తిరిగి, కరిగినదంతా మళ్లీ రాయి అవుతుందట.

దూడ కూడా మామూలు దూడ కాదు. వెర్నా సీసాతో పాలు పట్టి పెంచుకున్న ముసలి ఆవు మేబెల్‌కు రెండేళ్లుగా ఈత లేదు. "ఈసారీ దూడ దక్కకపోతే శుక్రవారం సంతకు తోలేద్దాం" అని లోర్న్ నోరు జారాడు. "దాని వెంట నువ్వూ వెళ్లు" అంది వెర్నా. తెల్లవారుజామున ఆమె చర్చి హాల్లో ముసలివాళ్ల భోజనాల పనికి వెళ్లింది. వెళ్లిన అరగంటకే మేబెల్ ఈనింది. పెయ్యదూడ. చెవుల కొనలు చల్లబడ్డాయి, పొదుగు అందించినా చీకడం లేదు. లోర్న్ దాన్ని తుడిచి, పికప్ బండిలో పక్కసీటు ముందు పడుకోబెట్టి, బూడిదరంగు దుప్పటి కప్పి, హీటరు పూర్తిగా తిప్పి బయల్దేరాడు.

కొట్టు ముందు మా ఊళ్లో అందరిలాగే ఇంజన్ ఆపకుండా, తాళంచెవి తియ్యకుండా దిగాడు. ఈ చలిలో ఆపిన ఇంజన్ మళ్లీ కదులుతుందని వెర్రివాడు కూడా అనుకోడు. పక్కన ఇంకో తెల్ల పికప్ పొగలు కక్కుతోంది. రెండింటి అద్దాల నిండా మంచుపొర.

పొడి కొనడానికి రెండు నిమిషాలు పట్టింది. సెలవు తీసుకోవడానికి ఇరవై.

"సరే మార్జ్, వస్తా."

"వెళ్దువుగానిలే. మేబెల్ సంగతేంటి?"

"ఇంకా ఈనలేదు" అన్నాడు. నిజం చెబితే అది తనకంటే ముందు వెర్నా చెవిన పడుతుందని వాడికి తెలుసు.

బయటికొచ్చి బండెక్కి ఇంటిదారి పట్టాడు. దారంతా ఒక చేత్తో దుప్పటి నిమురుతూనే ఉన్నాడు. వెచ్చగా ఉంది. "ఓపిక పట్టు తల్లీ, ఇంకాసేపే. నువ్వు బతికావా, మీ అమ్మా బతికింది, నేనూ బతికాను" అని బతిమాలాడు. ఉల్లిపాయల వాసన వేసింది. తన కోటుదే అనుకున్నాడు.

పది కిలోమీటర్లు పోయాక అనుమానం వచ్చి బండి ఆపి దుప్పటి ఎత్తాడు. దూడ లేదు. బంగాళాదుంపలూ మాంసమూ వేసి కాల్చిన పెద్ద గిన్నె ఉంది. గిన్నెను బండి పైకప్పు మీద పెట్టి, సీట్ల కింద వెతికాడు, వెనక వెతికాడు. అప్పుడు కనబడింది, అద్దానికి వేలాడుతున్న జపమాల. ఇది తన బండి కాదు. ఫోను తన బండిలోనే ఉండిపోయింది.

బండి వెనక్కి తిప్పి కొట్టులోకి పరుగెత్తాడు. "నా బండి ఎవడో ఎత్తుకుపోయాడు, మార్జ్."

"ఎత్తుకుపోయింది నువ్వు. ముందు బయటికెళ్లింది నువ్వే కదా. ఫాదర్ కిప్రోనో అప్పుడు వెనక గదిలో చేతితొడుగులు ఏరుకుంటున్నారు. మిగిలిన బండేదో వేసుకుని చర్చికి వెళ్లారు."

"అందులో దూడ ఉంది."

"ఈనలేదన్నావు?"

లోర్న్ అప్పటికే తలుపు వైపు తిరిగాడు. మార్జ్ గొంతు తగ్గించింది. "ఆయన కెన్యా నుంచి వచ్చి మూడు నెలలే అయింది లోర్న్. ఎక్కడ దిగినా ఇంజన్ ఆపేస్తారు. ఇక్కడా ఆపేస్తే, నేనే వెళ్లి మళ్లీ తిప్పి, భోజనాల గిన్నె పెట్టి దుప్పటి కప్పొచ్చాను."

మార్జ్ చర్చికి ఫోను కలుపుతుండగానే లోర్న్ పరుగెత్తి బండెక్కాడు. చర్చి పన్నెండు కిలోమీటర్లు. అప్పటికే వెచ్చగాలి దిగింది, రోడ్డంతా నీళ్లు. బండి నిలవడం లేదు, నడక వేగానికి మించితే పక్కకు జారుతోంది. సగం దారిలో గాలి తిరిగింది. రేడియో చెప్పినదానికంటే గంట ముందే. ఆ నీళ్లు వాడి కళ్లముందే అద్దంలా బిగుసుకున్నాయి. ఇంజన్ ఆపిన బండిలో ఒళ్లారని దూడ ఎంతసేపు ఉంటుందో లెక్క వెయ్యకూడదనుకున్నాడు. వేస్తూనే ఉన్నాడు. వాడికి ఏడుపొచ్చింది.

చర్చి ముందు తన బండి ఉంది. ఇంజన్ ఆగిపోయి ఉంది. తలుపు తీశాడు. లోపల చల్లగా ఉంది, దుప్పటి లేదు, దూడ లేదు.

పొడి పొట్లం పట్టుకుని హాల్లోకి వెళ్లాడు. ముప్పైమంది ముసలివాళ్లు పొయ్యి చుట్టూ మూగారు. మధ్యలో ఫాదర్ కిప్రోనో ఒట్టి చొక్కాతో నేలమీద కూర్చున్నారు. ఆయన పెద్ద కోటులోంచి దూడ తల బయటికి పెట్టి ఆయన వేలు చీకుతోంది.

"రండి లోర్న్. మా నాన్నకు నలభై ఆవులండి" అన్నారు ఫాదర్. "దీన్ని చూశాక చలి సంగతి నాకు తెలియకపోయినా దూడ సంగతి తెలుసనిపించింది. ముందు వేలు అలవాటు చెయ్యాలి, తర్వాత పాలు. పొడి తెచ్చారా?"

లోర్న్ పొట్లం అందించాడు. పక్కనే వెర్నా నిలబడి ఉంది, చేతిలో లోర్న్ ఫోను.

"ఎవరో మతిలేనివాడు దూడను బండిలో వదిలేసి వేరే బండి ఎక్కాడట" అంది. "మేబెల్ సంగతి అడగాలని నీకు పన్నెండుసార్లు ఫోన్ చేశాను. చివరికి దారిలో ఫాదర్ ఎత్తారు. మన మేబెల్ ఇంకా ఈనలేదటగా? మార్జ్ చెప్పింది."

దూడ కలిపిన పాలు గుటకలేసి తాగింది. అది చూసి వెర్నా మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

"మేబెల్ సంతకు వెళ్లదు" అంది. "నువ్వు కూడా, ఈసారికి."

లోర్న్ కుర్చీలో కూలబడ్డాడు. అంతా గట్టెక్కినట్టే అనిపించింది.

"పన్నెండున్నర అయింది" అన్నాడొక ముసలాయన. "మార్జ్ పంపిన భోజనం ఫాదర్ బండిలో ఉండాలిగా?"

ముప్పైమంది లోర్న్ వైపు చూశారు. లోర్న్‌కు పైకప్పు మీద పెట్టిన గిన్నె అప్పుడు గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నం మా ఊళ్లో కడుపునిండా తిన్నవి దూడా, ఆ రోడ్డు పక్క నక్కలూ.